వరిమడిలోని కప్ప

తొలకరి వాన కురిసిన రాత్రియే చెరువుగట్లయందును మాగాణి భూములయందును కప్పల కూత వినవచ్చును. వానలు వెనుకబడిన యేట పిల్లలు రోకలికి వేపమండలు గట్టి, నడుమ కప్పను వ్రేలాడదీసి యింటింటికి తిరుగుటయు, ఇల్లాండ్రు దానిపై నీరు గ్రుమ్మరించుటయు మన గ్రామములలో పలువురు చూచియే యుందురు. వానతో నింత సంబంధము కల్పించి మన పెద్దలు కప్పను గౌరవించిరి. కాని యది మన మడిలో నెట్లు పెరుగుచున్నది, ఎన్నాళ్లు నీరుండిన బ్రదుకును, మనము చేయు నే పని వలన చచ్చుచున్నది అను సంగతులు విచారించినవారు తక్కువ. ఆ సంగతులనే సభ్యులకు విన్నవింపదలచితిమి.

మళ్లలో కనబడు కప్పలన్నియు నొక జాతివి కావు. అన్నిటిలో పెద్దది బోదురుకప్ప. ఇది యారంగుళముల వఱకు పెరుగును. తొలివానలలో దీని మగవి పసుపుకొమ్మువలె మెఱయుచు, గొంతున కిరుప్రక్కల నీలివర్ణపు తిత్తులు పొంగించి కూయును. 2020 జూలైలో మధ్యప్రదేశములోని నరసింహపురమున నిట్టి పచ్చని కప్పల గుంపును జూచి పట్టణవాసులు వింత పడిరి. మనకది వింత గాదు. చెదరగొట్టినంతనే నీటిపై ఎగిరెగిరి పడుచు పోవునది వేరొక జాతి. పైరు మొదళ్లలో బొటనవ్రేలంత యుండి గంతులు వేయునది మఱియొకటి. చెట్టుకప్ప నీటికి పైనున్న యాకునకో గట్టునకో తెల్లని నురుగు గూడుగా నంటించి యందు గ్రుడ్లు పెట్టును. గరుకు చర్మము గలిగి, రాత్రివేళ దీపముల క్రింద కూర్చుండి పురుగులను తినునది యింకొకటి. అదియు గ్రుడ్లు పెట్టుటకు నీటికే రావలెను.

గ్రుడ్డు పగిలిన పిదప వెలువడు తోకకప్ప చేపపిల్లవలె మొప్పలతో ఊపిరి తీయును. కాళ్లుండవు. చాల జాతులలో నిది నాచును, కుళ్లిన యాకును గీరి తిని బ్రదుకును. కొన్ని వారములకు వెనుక కాళ్లు పొడసూపును. పిమ్మట ముందుకాళ్లు వచ్చును. నాచు నఱిగించుకొనుటకై పొడవుగ నుండిన ప్రేగు పొట్టిదగును. తోక లోనికి కుంచించుకొనిపోవును. అప్పటికి ఊపిరితిత్తు లేర్పడి యది గట్టెక్కును. ఈ మార్పునకు జాతిని బట్టియు, నీటి వెచ్చదనమును బట్టియు నించుమించుగ నాలుగు మొదలు ఏడు వారములు పట్టును. ఈ లోపల నీరింకిన మడిలోని తోకకప్ప లన్నియు నొక్క పూటలో చచ్చును. ఎగిరిపోవుటకు రెక్కలును, నడచిపోవుటకు కాళ్లును వాని కింకను లేవు గదా.

పెరిగిన కప్ప కదలు వస్తువును మాత్రమే యాహారముగ గుర్తించును. కదలని పురుగు ముక్కుముందున్నను దానికి కనబడనట్లే. నాలుక ముందు కొసన నంటియుండి లోనికి మడవబడి యుండును. దానిని విసరి, జిగటతో పురుగును పట్టి నోట వేసికొనును. మ్రింగునపుడు కనుగ్రుడ్లు లోనికి దిగి యాహారమును గొంతులోనికి నెట్టును. కప్ప మ్రింగునపుడు కన్నులు మూయుట కిదియే కారణము. రాత్రి తిరుగు కాండము తొలుచు పురుగు రెక్కల పురుగులు, ఆకుముడుత రెక్కల పురుగులు, మిడుతలు, దుబ్బు మొదట చేరు దోమలు దీని కాహారమగును. బోదురుకప్ప చిన్న యెలుకలను, పీతలను సైతము మ్రింగును.

అయినను కప్ప యున్నచో పురుగే యుండదని మేము చెప్పము. కాండములో దూరిన పురుగు దానికి చిక్కదు. ఆకునకు అంటియున్న గ్రుడ్ల ముద్దను అది ముట్టదు. సుడిదోమ విరుచుకొని పడిన యేట కప్పలు మాత్రమే దానిని నిలువరింపజాలవు. పైగా నది మనకు మేలు చేయు సాలీళ్లను సైతము తినును. కప్ప చేయు పని చిన్నది, కాని ప్రతి రాత్రియు జరుగునది. కప్పలున్న చోటికి పాములు వచ్చునన్న మాటయు నిజమే. వానిలో నీరుకట్టెకు విషము లేదు, నాగుపామునకు కలదు. రాత్రి నీరు పెట్టబోవువారు దీపమును, కాలికి బూట్లును మఱువరాదు. చేపపిల్లలను పెంచు సభ్యులకు వేరొక హెచ్చరిక: బోదురుకప్ప యొక్క తోకకప్పలు మాంసాహారులు, చేపపిల్లలను తినును. వారు నర్సరీ గుంటల చుట్టు వల కట్టుకొనుట మంచిది.

కప్ప నీరు నోటితో త్రాగదు. పొట్ట క్రింది చర్మముతో పీల్చుకొనును. ఊపిరిని సైతము కొంత చర్మముతోనే తీయును. పలుచనై, ఎల్లప్పుడు తడిగ నుండు నా చర్మము గుండ నీటిలోని విషమును సులభముగ లోనికి పోవును. 2011 మే నెలలో సుప్రీముకోర్టు మన దేశమున నిలిపివేసిన ఎండోసల్ఫాన్ చేపలకును తోకకప్పలకును మిక్కిలి ప్రమాదకరమైనది. ఆ మందు పోయినను, నీటిలోని ప్రాణులకు హానిచేయు మందులు దుకాణములలో నింకను కలవు. డబ్బాపై చేపలకు ప్రమాదకరమని యున్న మందు కప్పలకును మేలుచేయునది కాదని యెఱుంగవలెను. నాటిన మొదటి నెలలో, పురుగు కనబడకున్నను ప్రక్కవాడు చల్లినాడని చల్లు మందు వలన కలుగు నష్టము మందు వెలతో మాత్రమే ముగియదు.

మనుష్యులు కప్పను నేరుగ చంపిన కాలమును గలదు. విదేశములలో కప్పకాళ్లు తినువారు పెక్కుమంది యుండుటచే, మన దేశమునుండి వానిని మంచులో గడ్డకట్టించి యోడలపై పంపుచుండిరి. 1981 లో నీ యెగుమతి నాలుగు వేల టన్నులకు మించినది. వెనుక కాళ్లు మాత్రమే వెల పలుకును. తక్కిన శరీరము పాఱవేయబడెడిది. 1985 లో బోదురుకప్ప అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేర్చబడినది. 1987 లో మన ప్రభుత్వము ఎగుమతిని నిషేధించినది. వ్యాపారము పిదప ఇండోనేషియాకు మరలినది.

నీటి విషయమున జపానులోని రైతులు చేసిన పని మనము గమనింపదగినది. అచ్చటను వరి పిలకలు వేసిన పిదప మడిని కొన్ని దినము లారగట్టుట వాడుక. తొయోఒకా యను ప్రాంతమున పెద్దకొంగ జాతి యొకటి 1971 నాటికి అడవిలో నంతరించినది. పెంచిన కొంగలను 2005 లో మరల విడువ నిశ్చయించినపుడు, వాని కాహారమెట్లను ప్రశ్న పుట్టినది. రైతులు మందులు తగ్గించి, తోకకప్పలకు కాళ్లు వచ్చువఱకు మడి నారగట్టుటను వాయిదా వేయు పద్ధతి నవలంబించిరి. ఆ బియ్యమును తజిమా రైతుల సహకార సంఘము మామూలు ధర కంటె నెక్కువకు విక్రయించుచున్నది. సాదో ద్వీపమున మడి ప్రక్కనే చిన్న కాలువ త్రవ్వి, మడి యారినపుడు ప్రాణులు దానిలోనికి చేరునట్లు చేసిరి. 2008 మొదలు నట్టి మళ్ల బియ్యమునకు ప్రత్యేక ముద్ర గలదు. ఒంటరి రైతు సంతలో తన బియ్యపు విశేషము చెప్పికొన్న వినువారు లేరు. సంఘము చెప్పినపుడు వినిరి.

మన చోట ఆరుతడి పద్ధతి వ్యాపించుచున్నది. మడిలో పాతిన చిల్లుల గొట్టమున నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగిన పిదపనే మరల నీరు పెట్టుదురు. నీరును, కరెంటును మిగులు నీ పద్ధతిని మానుమని మేము చెప్పబోము. పల్లపు గట్టు వెంబడి నడుగు వెడల్పున నూఱడుగుల కాలువ తీసి, దానిలో నీరు నిలువనిచ్చిన చాలును. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు గదా. ఈ కాలువ నాలుగు వందల భాగములలో నొక భాగమైనను కాదు. ఎకరమునకు 75 కిలోల బస్తాలు ముప్పది పండు చోట నష్టము రమారమి ఐదు కిలోల ధాన్యము. ఒకే బోదె క్రింద నీరు పెట్టుకొను సభ్యులు కలిసి చేసిన మేలు. పైమడిలో చల్లిన మందు క్రిందిమడి కాలువలోనికి దిగినచో త్రవ్విన శ్రమ వ్యర్థము.

ఆరగట్టుటకు ముందు తెల్లని పళ్లెముతో మడి మూల నీటిని ముంచి వెలుతురున చూడవలెను. తోకకప్పలకు వెనుక కాళ్లు మాత్రమే యున్నచో నింకను కొన్ని దినములు ఓర్చవలెను. ముందుకాళ్లును వచ్చి, తోక కుఱుచయగుచున్నవి యెక్కువగ నున్నచో గండి కొట్టవచ్చును.