నైలానుకు రంగు ఎక్కడ పడుతుంది?

తెనాలి నుంచి ఒక ఇంటర్ విద్యార్థి పంపిన ప్రశ్న ఇది. రిమోట్‌తో నడిచే మోడల్ కారు కోసం అతను తెల్లటి నైలాను సస్పెన్షన్ ఆర్ములు, ఒక బంపరు, ఒక గేరు కొన్నాడు. బట్టలకు వేసే నీలిరంగు పొట్లం వేడినీళ్ళలో కలిపి, కాస్త వెనిగర్ పోసి, అన్నింటినీ అందులోనే మరిగించాడు. అరగంట తర్వాత ఆర్ములూ బంపరూ ముదురు నీలంగా తేలాయి. గేరును కడిగితే మళ్ళీ తెల్లబడింది. "అన్నీ ప్లాస్టిక్కే కదండీ, ఒకదానికి పట్టిన రంగు ఇంకొకదానికి ఎందుకు పట్టలేదు? పట్టింది గోరుతో గీకినా ఎందుకు రావటం లేదు?" అని అడిగాడు.

ఈ రెండు ప్రశ్నల్లో మూడు శతాబ్దాల రసాయనశాస్త్రం ఉంది. ఆ అబ్బాయి ఉండే చోటికి ఒక్క పూట ప్రయాణంలోనే దాని చరిత్రలో సగం ఉంది.

ముందు తేలిక సంగతి. ప్లాస్టిక్ అన్న పేరు కింద ఒకదానితో ఒకటి చుట్టరికం లేని పదార్థాలు చాలా ఉన్నాయి. కారు పైకప్పుగా వేసే పారదర్శకపు బాడీ పాలీకార్బొనేట్. దానికి లోపలివైపు నుంచి స్ప్రే పెయింటు కొడతారు. ఆర్ములు నైలాను. గేరు ఎక్కువగా అసిటాల్ అనే జారుడు ప్లాస్టిక్. పెయింటు పైన పొరగా కూర్చుంటుంది, ఆర్ము వంగినప్పుడల్లా పగిలి రాలుతుంది. అద్దకం అలా కాదు, అది పదార్థం లోపలికి వెళుతుంది. లోపల ఎక్కడికి, ఎలా అన్నదే అసలు కథ.

"వేడికి ప్లాస్టిక్ రంధ్రాలు తెరుచుకుంటాయి, రంగు దూరుతుంది, చల్లారితే మూసుకుంటాయి" అని మోడల్ కార్లవాళ్ళు చెప్పుకుంటారు. ఇది కొత్త మాట కాదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో అద్దకాల పర్యవేక్షణ చూసిన జాన్ ఎలో సరిగ్గా ఇదే చెప్పాడు: ఉన్ని రంధ్రాలు వేడికి విచ్చుకుంటాయి, రంగు కణం ఉంగరంలో వజ్రంలా బిగుసుకుంటుంది అని. ఆయన ప్రయోగాలు గట్టివి, వివరణ తప్పు. తప్పని ఇక్కడే మన తీరంలో కనిపించి ఉండేది. నూలును ఎంత మరిగించినా చిరివేరు అనే అద్దకపు వేరు ఇచ్చే ఎరుపు దానంతటది గట్టిపడదు. రంధ్రాలే కారణమైతే నూలుకు రంధ్రాలు లేవా?

రేపల్లె దగ్గరి నిజాంపట్నాన్ని యూరపు వర్తకులు పెటపోలి అనేవారు. డచ్చివాళ్ళు అక్కడ 1606లో వర్తక స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ కూడా వచ్చింది. వాళ్ళు వచ్చింది గుడ్డ కోసం, ముఖ్యంగా ఎర్ర గుడ్డ కోసం. ఆ ఎరుపు చిరివేరుది. దానిలోని అసలు రంగు పదార్థం అలిజరిన్. గవ్వల సున్నం కలిసిన ఇసుక నేలలో పెరిగిన వేరు మంచి ఎరుపునిస్తుందని అద్దకందార్లకు తెలుసు. ఎందుకో ఇప్పుడు చెప్పగలం. పటికలోని అల్యూమినియం, సున్నంలోని కాల్షియం, అలిజరిన్ మూడూ కలిసి ఒక కరగని ఎర్ర సమ్మేళనంగా నూలులోనే తయారవుతాయి. చీరాల తేలియా రుమాళ్ళకు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టింది కూడా ఇందుకే. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలు లోహాన్ని పట్టుకుంటాయి, లోహం రంగును పట్టుకుంటుంది. నూలుకు తానుగా పట్టుకునే చెయ్యి లేదు కనుక అద్దకందారు మధ్యలో ఒక చెయ్యి పెట్టాడు. బెర్లినులో గ్రేబె, లీబర్మన్ 1868లో అలిజరిన్ నిర్మాణం తేల్చారు. మరుసటి ఏడాదే దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఇంగ్లండులో పెర్కిన్ పేటెంటు దరఖాస్తు వాళ్ళకన్నా ఒక్క రోజు వెనకబడింది. ఆ తర్వాత చిరివేరు సాగు చితికిపోయింది.

నైలానుకు పటికా నూనే అక్కర్లేదు. దానికి చేతులున్నాయి. నాకు ఎంత చెప్పినా తనివి తీరని భాగం ఇదే.

నైలాను అణువు పొడుగాటి గొలుసు. అందులో అమైడ్ బంధాలు వరసగా వస్తుంటాయి. ఉన్నిలోనూ పట్టులోనూ ఉండేవి ఇవే బంధాలు. గొలుసు ఒక కొసన అమీన్ గుంపు ఉంటుంది. నీళ్ళలో వెనిగర్ పడగానే ఆ అమీన్ ఒక హైడ్రోజన్ అయాన్‌ను తీసుకుని ధనావేశం పొందుతుంది. ఉన్నికి వేసే యాసిడ్ రంగులకు సల్ఫోనేట్ గుంపులు ఉంటాయి, వాటిది రుణావేశం. ఇక చెప్పేదేముంది, రెండూ అతుక్కుంటాయి. వెనిగర్ రంగును "గట్టిపరుస్తుంది" అని పొట్లం వెనక రాసేది అరకొర మాట. వెనిగర్ రంగును ఏమీ చెయ్యదు, నైలానుకు ఆవేశం ఇస్తుంది. అది లేకుండా మరిగించినా కొంత రంగు పడుతుంది, కానీ బానలో చాలా మిగిలిపోతుంది. వెనిగర్ పోసి కాసేపాగితే నీళ్ళు తేటపడుతూ, ఆర్ము ముదురుతూ కనిపిస్తుంది. రంగు నీళ్ళను విడిచి ప్లాస్టిక్‌లోకి మారటం కళ్ళతో చూడగలగటం నాకు ఇప్పటికీ అపురూపమే.

కానీ రంగు కూర్చునే ఈ అమీన్ సీట్లు బహు తక్కువ. కిలో ఉన్నిలో సుమారు 820 మిల్లీ ఈక్వివలెంట్ల అమీన్లు ఉంటే, కిలో బట్టల నైలానులో సుమారు 40 మాత్రమే. తెనాలి-రేపల్లె పాసింజరులో పండగ నాడు సీటు దొరికే తీరే ఇదీ, ముందెక్కినవాళ్ళకే. దీంతో ఒక తమాషా జరుగుతుంది. నలుపు రంగు పొట్లాల్లో చాలావాటిలో ఒక్క నలుపు రంగు ఉండదు, రెండు మూడు రంగులు కలిపి నలుపు చేస్తారు. వాటిలో ఒక్క సల్ఫోనేట్ ఉన్నది ఒక సీటు తీసుకుంటే, రెండున్నది రెండు సీట్లు అడుగుతుంది. నైలానులో గెలిచేది సాధారణంగా ఒక సీటువాడే, రెండో రంగు బయటే ఉండిపోతుంది. నలుపు కోసం మరిగించిన ఆర్ము ఊదాగానో గోధుమగానో తేలటానికి ఒక ముఖ్య కారణం ఇది. పొట్లం కల్తీ అని తిట్టుకోనక్కర్లేదు.

సీట్ల లెక్క ఫ్యాక్టరీ బ్యాచిని బట్టి మారుతుంది కూడా. అందుకే ఒకే బానలో వేసిన రెండు ఆర్ములు రెండు ఛాయల్లో రావచ్చు. నైలాను బట్టల మిల్లులు దశాబ్దాలపాటు ఇదే కారణంగా గుడ్డలో చారల బాధ పడ్డాయి.

ఇంతకీ రంగు అక్కడిదాకా ఎలా వెళుతుంది? నీరే దారి తీస్తుంది. పొడి నైలానులో గొలుసులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో బిగించుకుని ఉంటాయి. ఇంచుమించు 50 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని వాటికి కదలిక రాదు. నీటి అణువులు చొరబడి అమైడ్ల మధ్య దూరితే ఆ బిగింపు సడలుతుంది, కదలిక మొదలయ్యే ఉష్ణోగ్రత గది వేడికన్నా కిందికి దిగిపోతుంది. నైలాను తన బరువులో 8 నుంచి 10 శాతం దాకా నీళ్ళు తాగగలదు. గొలుసులు అటూ ఇటూ ఊగినప్పుడల్లా ఒక్క క్షణం ఖాళీ ఏర్పడుతుంది, రంగు అణువు అందులోకి ఒక అడుగు వేస్తుంది. తెరిచి ఉన్న రంధ్రం ఏదీ లేదు. స్ఫటికంగా బిగిసిన భాగంలోకి నీళ్ళూ వెళ్ళవు, రంగూ వెళ్ళదు. గేరు సంగతి ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. అసిటాల్‌ను 24 గంటలు నానబెట్టినా తాగే నీరు 0.2 శాతం చుట్టుపక్కల. దానికి అమీన్ కొసలు లేవు, పైగా ఎక్కువ భాగం స్ఫటికమే. దారీ లేదు, సీటూ లేదు.

అడుగులు వేసుకుంటూ పోయే ఈ ప్రయాణానికి కఠినమైన లెక్క ఉంది. లోతు కాలంతో పాటు సమానంగా పెరగదు, కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. రెట్టింపు లోతుకు నాలుగింతల సమయం కావాలి. అరగంటలో 20 మైక్రాన్ల లోతు పోయిందనుకుందాం. అదే లెక్కన ఒక మిల్లీమీటరు పోవాలంటే 1250 గంటలు, అంటే 52 రోజులు మరిగించాలి. గోరుకు రాని రంగు, గులకరాళ్ళ మీద దొర్లిన కారుకు ఒక గాటు పడితే కింద తెల్లదనం చూపటం అందుకే. ఎక్కువసేపు మరిగించి లోతు తెద్దామనేవారి ఓపికను మెచ్చుకోవచ్చుగానీ వర్గమూలంతో వాదించలేం.

"రంగు వేస్తే ఆర్ము గట్టిపడింది, విరగటం తగ్గింది" అని చాలామంది అంటారు. అనుభవం నిజం, కారణం వేరు. గట్టితనం రంగు వల్ల రాలేదు, నీటి వల్ల వచ్చింది. అచ్చులోంచి కొత్తగా వచ్చిన పొడి నైలాను పెళుసు, నీళ్ళు తాగాక వంగి తిరిగొస్తుంది. రంగు లేకుండా ఉత్త నీళ్ళలో మరిగించినా అదే ఫలితం. బాపట్ల సముద్రపు గాలిలో ఉన్న ఆర్ముకు ఆ తేమ ఎంతో కొంత ఊరకే దొరుకుతుంది. అయితే నీళ్ళు తాగిన నైలాను ఉబ్బుతుంది కనుక పిన్ను రంధ్రాల కొలత మారవచ్చు, ఆ సంగతి చూసుకోవాలి.

యాసిడ్ రంగు కాక ఇంకో మార్గం ఉంది, దాని వెనక న్యాయం జరగాల్సిన ఒక మనిషి ఉన్నాడు. ఒట్టో విట్ 1890లో ఒక మాటన్నాడు: అద్దకం అంటే రంగు పోగులో కరగటమే, ఉప్పు నీళ్ళలో కరిగినట్టు, కాకపోతే ఇక్కడ కరిగించుకునేది ఘనపదార్థం. ఉన్నికీ నూలుకూ ఇది సరిగా కుదరలేదు, మాట పక్కన పడింది. 1920లలో అసిటేట్ సిల్కు వచ్చింది. ఆనాటి రంగులు దానికి సరిగా పట్టలేదు. చివరికి నీళ్ళలో దాదాపు కరగని సన్నటి రంగు పొడులను నీళ్ళలో చెదరగొట్టి వేస్తే అవి నేరుగా పోగులోకి కరిగిపోయాయి. విట్ చెప్పింది సరిగ్గా ఇదే. డిస్పర్స్ రంగులు అలా పుట్టాయి. పాలిస్టరు చీరకు రంగు ఇచ్చేవి ఇవే, కళ్ళజోళ్ళ షాపులో ప్లాస్టిక్ అద్దాన్ని వేడి తొట్టిలో ముంచి గోధుమరంగు చేసేవీ ఈ జాతే. నైలానులోకీ ఇవి చక్కగా వెళతాయి. సీట్ల పోటీ లేదు కనుక ఛాయ సమంగా వస్తుంది. తొలినాటి నైలాను మేజోళ్ళకు ఇవే వాడింది ఆ చారలు కప్పటానికే.

ఇంకొకరి పొరపాటు చెప్పకుండా ఉండలేను. నైలానును 1935లో డ్యూపాంట్‌లో తొలిసారి చేసిన వాలెస్ కరోథర్స్ అంతటి మనిషి, కాప్రొలాక్టమ్ అనే చిన్న వలయపు అణువు గొలుసు కట్టదని 1930లో ప్రచురించాడు. జర్మనీలో పౌల్ ష్లాక్ అది నమ్మక మళ్ళీ ప్రయత్నించాడు, 1938 జనవరిలో గొలుసు కట్టించాడు. అదే నైలాను 6. మన దేశంలో ఎక్కువగా తయారయ్యేది ఈ రకమే. నిజాంపట్నం రేవులో ఆరేసిన సన్నటి నైలాను వలలను, ఆ అబ్బాయి ఆర్ములను ఒకే బానలో వేస్తే రెంటికీ రంగు పడుతుంది. అదే రేవులోని ట్రాలు వలలు చాలావరకు పాలీఇథిలీన్. వాటి నీలం, ఆకుపచ్చ కరిగిన ప్లాస్టిక్‌లోనే కలిపేసినవి, తర్వాత అద్దలేం.

ప్రయోగం చేసేవారికి నాలుగు ముక్కలు. వంటపాత్ర వాడొద్దు, తలుపులు తీసి ఉంచండి, చేతికి తొడుగు వేసుకోండి. గాజునార కలిపిన నైలాను మచ్చలుగా రావచ్చు. నల్లగా అమ్మే భాగాల్లో ఉన్నది బొగ్గుమసి, దాన్ని తేలిక రంగుకు మార్చే అద్దకం లేదు. పైగా ఆ మసి ఎండ నుంచి నైలానును కాపాడుతుంది, అద్దిన రంగు అంత కాపాడదు. ఎండలో పరుగెత్తే కారుకు నలుపే మేలు.

నా కోపం రంగు పొట్లాల మీద. "అన్ని గుడ్డలకూ" అని అమ్మే పొట్లంలో నూలుకు పట్టే డైరెక్టు రంగులు, ఉన్నికి పట్టే యాసిడ్ రంగులు కలిసి ఉండటం మామూలు. నైలాను వేసినవాడికి మొదటి రకంలో చాలాభాగం మురుగు కాలవలోకి పోతుంది. లోపల ఉన్నది యాసిడా, డైరెక్టా, డిస్పర్సా అని ఒక్క మాట అచ్చు వేస్తే వాళ్ళకు పోయేదేమీ లేదు. ఆ మాట వచ్చేదాకా మీరే పరీక్షించండి. తెల్ల నూలు గుడ్డ, తెల్ల ఊలు దారం, నైలాను వల ముక్క, పాలిస్టరు దారం ఒకే బానలో వెనిగర్‌తో వేసి అరగంట మరగనిచ్చి కడగండి. ఊలూ వలా ముదిరి మిగతా రెండూ వెలిసిపోతే లోపల ఉన్నది యాసిడ్ రంగే. బాపట్ల, రేపల్లె కాలేజీల్లో రసాయనశాస్త్రం చెప్పే మాస్టార్లు దీన్ని ఒక్క ప్రాక్టికల్ తరగతిలో చేయించవచ్చు. చేయించి ఫలితాలు మాకు రాయండి.