భీమ్ పెళ్లి ఎపిసోడ్ నిజంగా వచ్చిందా? కార్టూన్ల ‘లాస్ట్ ఎపిసోడ్’ ఎందుకు నిరాశపరుస్తుందంటే..

కార్వేటినగరం: సాయంత్రం బడి వదిలేస్తారు. పుస్తకాల సంచి ఓ మూలన పడేసి, అమ్మ ఫోన్ తీసుకుని కూర్చుంటాడు పిల్లోడు. ఛోటా భీమ్ పెట్టుకుంటాడు. కాసేపటికి మొహం మాడ్చుకుని లేస్తాడు. ‘ఏమైందిరా నాయనా?’ అని అవ్వ అడిగితే, ‘లాస్ట్ ఎపిసోడ్‌లో భీమ్ చుట్కీని కాదని ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడంట అవ్వా’ అంటాడు. అవ్వకు భీముడు తెలుసు గానీ, ఈ చుట్కీ ఎవరో తెలీదు. చిత్తూరు జిల్లా కార్వేటినగరంలోనే కాదు, ఇంట్లో చిన్నపిల్లలు, చేతిలో ఫోన్ ఉన్న ఏ ఊళ్లో అయినా జరిగే సంగతే ఇది.

ఇంతకీ ఆ ఎపిసోడ్ ఉందా? లేదు. భీమ్‌కు పెళ్లి కాలేదు. అయినా ఆ ‘ఎపిసోడ్’ ఒకప్పుడు దేశమంతా గొడవ చేసింది.

అసలేం జరిగింది?

ఛోటా భీమ్ మన హైదరాబాద్‌లో పుట్టిన కార్టూన్. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దీన్ని తయారు చేసింది. 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. ఢోలక్‌పూర్ అనే ఊరు, అక్కడ లడ్డూ తింటే బలం వచ్చే తొమ్మిదేళ్ల భీమ్, అతని నేస్తాలు చుట్కీ, రాజు, కోతిపిల్ల జగ్గూ, ఎప్పుడూ పోటీకి వచ్చే కాలియా. ఆ రాజ్యానికి రాజు ఇంద్రవర్మ, ఆయన కూతురు ఇందుమతి.

2020 జూన్‌లో, లాక్‌డౌన్ ఆంక్షలు ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, సోషల్ మీడియాలో ఒక మాట పాకింది. కథ చివర్లో భీమ్ రాకుమారి ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడని, చిన్నప్పటి నుంచి వెంట ఉన్న చుట్కీకి అన్యాయం జరిగిందని. చుట్కీకి న్యాయం చేయాలంటూ హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ అయింది. మీమ్స్ వరదలా వచ్చాయి. చివరికి గ్రీన్ గోల్డ్ సంస్థే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పెళ్లి వార్త అబద్ధమని, వాళ్లంతా ఇంకా చిన్నపిల్లలేనని, వాళ్ల లోకంలోకి ప్రేమ, పెళ్లి తీసుకురావద్దని కోరింది.

లేని ఎపిసోడ్‌కు అంత బాధ ఎందుకు?

ఇక్కడే అసలు విషయం ఉంది. 2008లో ఐదేళ్ల వయసులో భీమ్‌ను చూడటం మొదలుపెట్టిన పిల్లకు 2020కి పదిహేడేళ్లు. ఇంటర్‌కు వచ్చేసింది. భీమ్ మాత్రం తొమ్మిదేళ్ల దగ్గరే ఆగిపోయాడు. చూసేవాళ్లు పెరిగారు, కథ పెరగలేదు. తమతో పాటు కథ కూడా ఎక్కడికో చేరుతుందని లోపల ఒక ఆశ ఉంటుంది. ఆ ఆశకు ముగింపు దొరకదు. అందుకే ఎవరో పుట్టించిన ముగింపు కనిపించినా అది నిజమనిపించింది. అది నచ్చకపోయేసరికి కోపం వచ్చింది.

కథ కదలదు, కదలకూడదు

పిల్లల కార్టూన్లు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ఇరవై రెండు నిమిషాల దాకా మిగులుతుంది. అందులో పదకొండు నిమిషాల కథలు రెండు పట్టిస్తారు. ఊరికి ఆపద వస్తుంది, భీమ్ లడ్డూ తింటాడు, ఆపద పోతుంది, అందరూ నవ్వుకుంటారు. మరుసటి కథకు మళ్లీ మొదటికి. కాలియా ఎన్నిసార్లు బుద్ధి తెచ్చుకున్నా, రేపటికి మళ్లీ పాత కాలియానే.

దీనికి కారణం వ్యాపారమే. ఛానల్ ఏ ఎపిసోడ్‌ను ఏ రోజైనా, ఏ వరుసలోనైనా వేసుకోగలగాలి. రీరన్ వేస్తే మధ్యలో వచ్చి కూర్చున్న పిల్లకూ అర్థం కావాలి. పైగా బొమ్మలు, బ్యాగులు, టిఫిన్ డబ్బాల మీద ఉండే భీమ్‌కూ, తెర మీద భీమ్‌కూ తేడా రాకూడదు. కాబట్టి నిజమైన మార్పుకు అక్కడ చోటు తక్కువ.

మరి సీజన్ చివర్లో ఏం చేస్తారు? పెద్ద హడావుడి చేస్తారు. పెద్ద విలన్, పెద్ద పోటీ, ‘ఈసారి అంతా మారిపోతుంది’ అన్నట్టు ప్రోమోలు. కానీ కథ చివరికి మళ్లీ పాత చోటికే రావాలి. ఇచ్చిన మాటకు, దక్కినదానికి మధ్య ఉన్న ఆ తేడానే నిరాశ.

యాష్ ఓడిపోయిన రోజు

దీనికి ప్రపంచంలో అందరికీ తెలిసిన ఉదాహరణ పోకెమాన్. జపాన్‌లో 1997లో మొదలైన ఈ కార్టూన్‌లో హీరో యాష్‌కు ఎప్పుడూ పదేళ్లే. ఛాంపియన్ కావాలన్నది అతని కల. 2016లో కాలోస్ లీగ్ కథలో యాష్ మునుపెన్నడూ లేనంత బలంగా కనిపించాడు. మొదటిసారి లీగ్ ఫైనల్‌కు చేరాడు. ఇక గెలుపు ఖాయమనుకున్నారంతా. ఆగస్టులో వచ్చిన ఫైనల్ ఎపిసోడ్‌లో అలైన్ చేతిలో ఓడిపోయాడు. అభిమానులు భగ్గుమన్నారు.

ఓడిపోవడం తప్పు కాదు. ఓడిపోయే హీరో కథలు ఎన్నో ఉన్నాయి. కానీ సీజన్ పొడవునా గెలుపు వైపు నడిపించి, చివర్లో వెనక్కి లాగినట్టు అనిపించింది. యాష్ గెలిచేస్తే తర్వాతి సీజన్‌కు కల ఎక్కడిది? అన్న లెక్క చూసేవాళ్లకు కనిపించిపోయింది. తర్వాత 2019లో అలోలా లీగ్ గెలిచాడు. 2022లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ మరుసటి ఏడాదే యాష్ కథకు ముగింపు పలికి, కొత్త పాత్రలతో కొత్త సిరీస్ మొదలుపెట్టారు. అంటే కల నెరవేరిన తర్వాత హీరోను ఇంటికి పంపక తప్పలేదు.

డోరేమాన్‌కు ముగింపు ఉందా?

ఫోన్లలో ఎక్కువగా తిరిగే మరో ‘లాస్ట్ ఎపిసోడ్’ డోరేమాన్‌ది. బ్యాటరీ అయిపోయి డోరేమాన్ ఆగిపోతాడు, నోబితా పెద్దయ్యాక రోబో ఇంజినీర్ అయి అతన్ని బాగుచేస్తాడు. కన్నీళ్లు పెట్టించే కథే. కానీ అది అసలు రచయిత రాసింది కాదు. అలాంటి కథను జపాన్‌లో ఒక అభిమాని కామిక్ పుస్తకంగా వేసి 2005లో అమ్మితే, ప్రచురణ సంస్థ అభ్యంతరం చెప్పింది. 2007లో ఆయన క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

అసలు రచయిత ఫుజికో ఎఫ్ ఫుజియో 1996లో చనిపోయారు. కథకు చివరి ముగింపు అంటూ ఇవ్వలేదు. 1974లో ఒకసారి డోరేమాన్ వీడ్కోలు చెప్పి వెళ్లిపోయే కథ రాశారు. కానీ మరుసటి నెల సంచికలోనే డోరేమాన్ తిరిగి వచ్చేశాడు!

మన భారతంలో ఎందుకు నిరాశ ఉండదు?

చిత్తూరు జిల్లా పల్లెలకు భీముడి కథ కొత్త కాదు. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాలు జరిగితే రోజుల తరబడి పగలు హరికథ, రాత్రి నాటకం. చివరి రోజు మట్టితో చేసిన భారీ దుర్యోధనుడు నేలమీద పడుకుని ఉంటాడు. భీముడి వేషగాడు గద పట్టుకుని వస్తాడు. సాయంత్రం అగ్నిగుండం. ముగింపు ఏమిటో అక్కడున్న ముసలీ ముతకా అందరికీ తెలుసు. అయినా జనం కదలరు.

ఎందుకంటే ఆ కథ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుంది. సభలో భీముడు చేసిన ప్రతిజ్ఞ చివరి రోజు తీరుతుంది. దానికి మూల్యం ఎంతో కూడా కథ దాచదు. ఛోటా భీమ్‌కు అలాంటి చివరి రోజు లేదు. ఉండకూడదన్నదే అతని షరతు.

ఇంట్లో ఏం చెప్పాలి?

పిల్లలు ‘లాస్ట్ ఎపిసోడ్’ చూసి దిగులుపడితే కొట్టిపారేయొద్దు. ముందు ఆ వీడియో ఎవరు పెట్టారో చూడండి. తయారు చేసిన సంస్థ లేదా ప్రసారం చేసే ఛానల్ అధికారిక ఖాతాలో ఉందా? బొమ్మలు కదులుతున్నాయా, లేక పాత ఫొటోలకు ఏడుపు పాట తగిలించారా? రెండు మూడు నిమిషాల్లో మొత్తం కథ ముగిసిందంటే అనుమానించాల్సిందే. అభిమానులు సొంతంగా చేసే కథలూ ఉంటాయని, అవి అసలు కథలో భాగం కాదని చెబితే పిల్లలకు అర్థమవుతుంది.

నిజంగా వచ్చిన ఎపిసోడే నచ్చకపోతే ఒక చిన్న ప్రశ్న అడగండి. ‘నువ్వైతే ఎట్లా ముగిస్తావురా?’ అని. అవ్వకు చుట్కీ ఎవరో తెలియకపోయినా పర్వాలేదు. వాడే చెప్తాడు, మొదటి నుంచి.