ఇంట వాద్యాభ్యాసము – శ్రవణము

కల్లూరు వంటి ఊళ్లలో ప్రతి వాద్యమునకును గురువు లభించుట కష్టము. కనుక ఇంటనే స్వయముగా అభ్యసింపవచ్చునా అను సందేహము సహజము.

పాణినీయ శిక్ష వ్రాతను చూచి చదువువానిని అధమ పాఠకులలో చేర్చినది. స్వరము ఎచ్చట లేచునో గీత చూపును గాని, ఎంత లేవవలెనో చెవికే తెలియును. సంగీతమునందలి గమకమును అట్టిదే.

1969లో పాలకొల్లున జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండలిన్ చేపట్టిరి. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యము వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు విని, ఆ స్వరమును తంత్రులపై తానే వెదకికొనెడివాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవమున తొలి కచేరి జరిగినది. వారు 2014లో పరమపదించునాటికి ఆ పాశ్చాత్య వాద్యము కర్ణాటక సంగీతమున స్థిరపడినది.

ఇందలి సూక్ష్మమేమి? వ్రేళ్ల నడక స్వయంకృషిచే సాధ్యము. స్వరజ్ఞానము శ్రవణముననే సాధ్యము. కావున తంబుర శ్రుతి నుంచుకొని, మాయామాళవగౌళ సరళీ స్వరములను ముందు నోట పాడి, పిదప వాయింపుడు. మొదటి కాలము కుదురక రెండవ కాలమునకు పోరాదు. అప్పుడప్పుడు తెలిసినవారి యెదుట వాయించి దిద్దించుకొనుడు. వారు వేరొక వాద్యము వాయించువారైనను, గాయకులైనను సరియే. వ్రేళ్లకు అలవడిన దోషము తానుగా పోదు.

వీణావాదన తత్త్వము, శ్రుతి, తాళము నెరిగినవాడు అనాయాసముగా మోక్షమార్గము చేరునని యాజ్ఞవల్క్య స్మృతి తెలిపినది. ఆ యెరుకకు తొలిమెట్టు వినుటయే. స్వస్తి.