ప్రాథమిక తరగతిలో ప్రాచీన బ్రిటన్

చరిత్ర అనగానే చాలమంది విద్యార్థులకు స్ఫురించేవి రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు, పరీక్షలో రాగల ప్రశ్నలు. ఈ భావం ప్రాథమిక తరగతులలోనే నాటుకుంటుంది. తరువాత కళాశాల చదువు కూడ దానిని సులభంగా పెళ్లగించలేదు. కనుక ఏడెనిమిదేండ్ల పిల్లలకు చరిత్రను ఏ విధంగా పరిచయం చేయాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇంగ్లండులో 2014 నుండి అమలులో ఉన్న పాఠ్యప్రణాళిక ప్రకారం ఏడు మొదలు పదకొండేండ్ల వయస్సు గల బాలబాలికలు రాతియుగం, ఇనుపయుగం, రోమనుల పాలన, ఆంగ్లో-సాక్సనుల వలసలు చదువుతారు. ఇందులో తొలి భాగానికి రాజుల జాబితా లేదు, గ్రంథాలు లేవు. ఆనాటి ప్రజలు వ్రాత ఎరుగరు. మరి ఉపాధ్యాయుడు దేనిని ఆధారం చేసుకొని చెప్పాలి? వారు విడిచిపోయిన వస్తువులనే. ఒక వస్తువును ముందుంచి, అది మనకేమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో పిల్లలచేతనే ఆలోచింపజేయాలి. చరిత్రకు ప్రాణం పోయడమంటే ఇదేనని మేము భావిస్తున్నాము.

మొదట కాలపరిమాణం తెలియాలి. ఐదువేల సంవత్సరాలనే మాట పిల్లలకు వట్టి శబ్దం. ఒక పొడవైన త్రాడు తీసుకొని, ఒక జానను నూరేండ్లుగా లెక్కించి ముడులు వేయించాలి. త్రాడు కొన నేటి దినం. క్లాడియస్ చక్రవర్తి సైన్యాలు క్రీ.శ. 43లో బ్రిటన్‌లో దిగిన ముడి సుమారు ఇరవై జానల దూరాన పడుతుంది. స్టోన్‌హెంజ్‌లోని మహాశిలలు నిలిచిన ముడి నలభై ఐదు జానల దూరాన, స్కారా బ్రే అనే గ్రామం యాభై జానల దూరాన పడతాయి. స్టోన్‌హెంజ్ నిర్మాతలకూ రోమనులకూ మధ్యగల ఎడం, రోమనులకూ మనకూ మధ్యగల ఎడం కంటె పెద్దదని పిల్లలు తామే గ్రహిస్తారు.

ఇక ఆ గ్రామంలోనికి ప్రవేశిద్దాం. స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్నీ ద్వీపాలలో 1850లో వచ్చిన పెనుతుఫాను ఇసుక దిబ్బలను చెదరగొట్టగా స్కారా బ్రే ఇండ్లు బయటపడినవి. ఆ ద్వీపాలలో చెట్లు అరుదు గనుక మంచాలు, అరలు, నేలలో అమర్చిన తొట్లు సర్వం రాతితో చేసినవే. అందువల్లనే అవి నిలిచినవి. బడి ఆవరణలో సుద్దముక్కతో అటువంటి ఇల్లు గీయించవచ్చును: నడుమ పొయ్యి, ఇరుప్రక్కల మంచాలు, ద్వారానికి ఎదురుగా అరలు. పిల్లలు అందులో కూర్చొని, రాతి మంచం మీద ఏమి పరచుకొనేవారు, చలిరాత్రి పొయ్యిలో ఏమి కాల్చేవారు అని అడుగుతారు. ఆ ప్రశ్నలతోనే పాఠం మొదలవుతుంది.

ఊహకు కూడ ఇక్కడ స్థానం కలదు. అయితే ఊహను పరీక్షించాలి. 1972లో పీటర్ రెనాల్డ్స్ ఆధ్వర్యాన ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో బట్సర్ ప్రాచీన వ్యవసాయక్షేత్రం ప్రారంభమైనది. త్రవ్వకాలలో కనబడిన గుంజల గుంటల ఆధారంగా అక్కడ ఇనుపయుగపు గుండ్రని ఇండ్లు తిరిగి కట్టి చూశారు. పొగ పోవడానికి కప్పులో రంధ్రం ఉండి తీరాలని మనకు తోస్తుంది. కాని పొగ గడ్డికప్పు గుండానే మెల్లగా బయటకు పోతుందని, రంధ్రం చేస్తే గాలి లాగి నిప్పు రేగే ప్రమాదముందని అక్కడి అనుభవం తెలిపినది.

వ్రాతలు లభించే కాలానికి వస్తే మరొక జాగ్రత్త అవసరం. ఐసెనీ తెగ రాణి బౌడికా క్రీ.శ. 60-61 ప్రాంతంలో రోమనులపై తిరుగుబాటు చేసినది. ఆమె కథ పిల్లలను ఇట్టే ఆకర్షిస్తుంది. అయితే ఆమె పలికినట్లు గ్రంథాలలో కనబడే ఉపన్యాసాలు వ్రాసినవారు ఆమె శత్రుపక్షపు చరిత్రకారులు టాసిటస్, డియో. ఆమె పక్షాన ఒక్క అక్షరం కూడ మిగలలేదు. కాని కోల్చెస్టర్, లండన్ నగరాల నేల క్రింద ఆనాటి దహనానికి గుర్తుగా కాలిన మట్టిపొర నేటికీ ఉన్నది. గ్రంథం ఒక సాక్షి, మట్టి మరొక సాక్షి. ఇద్దరు సాక్షులను పోల్చి చూడటం ఎనిమిదేండ్ల పిల్లలకు కూడ సాధ్యమే.

సామాన్యుల జీవితాన్ని చూపడానికి విండోలాండా కోటలో 1973 నుండి దొరికిన పలుచని చెక్కపలకల లేఖలకు మించినవి లేవు. ఒకదానిలో మేజోళ్లు, చెప్పులు, లోదుస్తులు పంపిన సంగతి ఉన్నది. మరొకదానిలో, సుమారు క్రీ.శ. 100 నాటిది, క్లాడియా సెవెరా అనే స్త్రీ తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలు సుల్పిషియా లెపిడినాను ఆహ్వానించినది. లేఖకుడు వ్రాసిన దాని క్రింద ఆమె స్వహస్తంతో కొన్ని పంక్తులు చేర్చినది. ఆ రెండు చేతివ్రాతల తేడాను చిత్రంలో చూసిన పిల్లలకు సెవెరా పేరు మరచిపోవడం కష్టం.

చివరగా మన కళాశాల పాఠకులకు ప్రత్యేకంగా తోచే ఒక శిల. ఇంగ్లండు ఈశాన్యతీరాన సౌత్ షీల్డ్స్‌లో రెజీనా అనే స్త్రీ సమాధి ఫలకం దొరికినది. ఆమె బ్రిటన్‌లోని కటువెలౌనీ తెగకు చెందినది, ఒకప్పుడు బానిస. ఆమెను విముక్తురాలిని చేసి పెండ్లాడిన బరాటేస్ సిరియాలోని పాల్మిరా నగరవాసి. ముప్పది యేండ్లకే మరణించిన భార్య కొరకు అతడు ఫలకంపై లాటిన్‌లో వ్రాయించి, క్రింద తన స్వంత అరమాయిక్ భాషలో దుఃఖం తెలుపుకున్నాడు. ఒక పంక్తి ఎడమనుండి కుడికి, మరొకటి ఉర్దూవలె కుడినుండి ఎడమకు సాగుతుంది. నేడు ఇంగ్లండు బడులలో దక్షిణాసియా, పశ్చిమాసియా కుటుంబాల పిల్లలెందరో చదువుతున్నారు. ఈ చరిత్రలో తమకు చోటున్నదా అని వారిలో ఎవరైనా అడిగితే, పద్దెనిమిది వందల యేండ్లకు పైబడిన ఈ శిలను చూపవచ్చును.

అయితే రెజీనా ఆ పెండ్లికి ఇష్టపడినదో లేదో శిల చెప్పదు. ఆ మాట కూడ పిల్లలకు చెప్పాలి. తెలిసినది ఎంత, ఊహించినది ఎంత అని వేరుపరచి చూపే ఉపాధ్యాయుని వద్ద పిల్లలు కథతోపాటు సత్యాన్ని పరీక్షించే అలవాటును కూడ నేర్చుకుంటారు. మన విద్యార్థులలో రేపు ఉపాధ్యాయ వృత్తిని చేపట్టేవారు ఏ దేశ చరిత్రను బోధించినా ఈ అలవాటును తమ తరగతికి అందించగలరని ఆశిస్తున్నాము.