మీకు తెలుసా? టీబీ తగ్గాక ఊపిరి సంగతి

ఆరు నెలల కోర్సు పూర్తయింది. కళ్లె పరీక్షలో క్రిమి లేదన్నారు. అయినా రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. ‘మళ్లీ వచ్చిందా ఏమిటి?’ అని భయపడేవాళ్లు, ‘నీరసంలే, అదే పోతుంది’ అని సరిపెట్టుకునేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు. వాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

1. ఊపిరి కొలిచే యంత్రం క్షయను పట్టుకోవడానికీ పనికొచ్చింది. ఇంగ్లండ్ వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లో స్పైరోమీటర్ గురించి ప్రకటించాడు. రెండు వేల మందికి పైగా ఊదించి లెక్కలు రాసుకున్నాడు. వాళ్లలో ఫ్రీమన్ అనే అమెరికన్ బాక్సరొకడు. 1842లో అతని ఊపిరి అమోఘం. రెండేళ్ల తర్వాత కొలిస్తే బాగా పడిపోయింది. 1845లో క్షయతోనే పోయాడు. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ లోకానికి చూపించింది 1882లో. అంటే క్రిమి దొరకడానికి ముందే ఊపిరి లెక్క దొరికిందన్నమాట.

2. మందు క్రిమిని చంపుతుంది, మచ్చను చెరపదు. ఊపిరితిత్తులు పాడవడంలో క్రిమి పాత్ర ఎంతో, దానితో పోరాడే మన రక్షణ కణాల పాత్రా అంతే. అవి వదిలే ఎంజైములు ఊపిరితిత్తి కణజాలాన్నే కరిగించేస్తాయి. అలా గూడు పడిన చోట, మానాక గట్టి మచ్చ కడుతుంది. కొందరిలో శ్వాసనాళాలు సాగి వదులై, కళ్లె అక్కడే నిలిచి మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తుంది. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు.

3. నష్టం రెండు రకాలు. మచ్చలు కట్టి ఊపిరితిత్తి బిగిస్తే లోపలికి పట్టే గాలి తగ్గుతుంది. నాళాలు ఇరుకైతే పీల్చిన గాలి త్వరగా బయటికి రాదు. కొందరికి రెండూ ఉంటాయి. ఆయాసం ఒకటే అయినా వైద్యం వేరు కాబట్టి, ఏదో తేల్చుకోకుండా ఇన్‌హేలర్ కొనుక్కోవడం సరికాదు.

4. తేల్చే పరీక్ష నిమిషాల పని. స్పైరోమెట్రీ గదిలో ముక్కుకు క్లిప్పు పెడతారు. గొట్టాన్ని పెదాలతో బిగించి పట్టుకోమంటారు. గుండెల నిండా పీల్చి ఒక్కసారిగా ఊదాలి. ‘ఊదండి, ఊదండి, ఆపొద్దు, ఇంకా ఇంకా!’ అని టెక్నీషియన్ పక్కనే అరుస్తుంటారు. మూడుసార్లు సరిగ్గా ఊదేదాకా వదలరు. మొదటి సెకనులో ఎంత గాలి వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది అన్నవే అసలు అంకెలు. కళ్లెలో క్రిమి ఉండగా ఈ పరీక్ష చేయరు, ఆ ఊపిరితో పక్కవాళ్లకు అంటుకునే ప్రమాదం ఉంది కనుక. అందుకే కోర్సు ముగిసిన రోజులే దీనికి సరైన సమయం.

5. టీబీ ఎన్నిసార్లు వస్తే నష్టం అంత ఎక్కువ. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 27 వేల మందికి పైగా కార్మికులను పరిశీలించి 2000లో ఫలితాలు ప్రచురించారు. టీబీ ఒకసారి వచ్చినవారిలో 18 శాతం మందికి ఊపిరి శాశ్వతంగా తగ్గింది. రెండుసార్లు వస్తే 27 శాతం, మూడు అంతకు మించితే 35 శాతం. రోగం బయటపడిన మొదటి ఆరు నెలల్లోనే నష్టం ఎక్కువని, ఏడాది తర్వాత నిలకడ పడుతుందని కూడా తేలింది. దగ్గును నెలల తరబడి సిరప్పులతో నెట్టుకొచ్చేవాళ్లు పోగొట్టుకునేది ఇదే.

6. బీడీ ముట్టనివాళ్లకూ ఈ ఆయాసం వస్తుంది. లాటిన్ అమెరికాలోని ఐదు నగరాల్లో నలభై దాటినవారిని పరీక్షిస్తే, టీబీ వచ్చి తగ్గినవారిలో 30.7 శాతం మందికి శ్వాసనాళాల అడ్డంకి కనిపించింది. రానివారిలో అది 13.9 శాతమే. పొగ అలవాటును లెక్కలోంచి తీసేసి చూసినా తేడా నిలిచింది. ఇక పొగ కూడా తోడైతే చెప్పేదేముంది!

7. పాత గూట్లో బూజు ముద్దకట్టొచ్చు. మానిన గూడు ఖాళీగా మిగిలితే అందులో ఆస్పర్జిల్లస్ అనే బూజు చేరి బంతిలా పెరగొచ్చు. దానివల్ల కళ్లెలో రక్తం పడవచ్చు. టీబీ మళ్లీ వచ్చినా రక్తం పడుతుంది. ఏదైనా సరే, రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

8. సీబీనాట్ అనే కళ్లె పరీక్ష పాజిటివ్ వస్తే రోగం తిరగబెట్టినట్టేనా? అన్నిసార్లూ కాదు. ఆ పరీక్ష పట్టేది క్రిమి డీఎన్‌ఏను. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా కొంతకాలం కళ్లెలో ఉంటుంది. ఎక్స్‌రేలో మచ్చ అయితే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకే బతికున్న క్రిమి ఉందేమో తేల్చే కల్చర్ పరీక్ష చేసి, పాత ఎక్స్‌రేతో పోల్చి చూస్తారు. పాత ఫిల్ములు పారేయకండి.

9. టీబీ నష్టంలో దాదాపు సగం ‘తగ్గిన తర్వాత’దే. 1980 నుంచి టీబీ వచ్చి బతికి బయటపడినవారు 2020 నాటికి ప్రపంచంలో 15.5 కోట్ల మంది ఉన్నారని ఒక అంచనా. టీబీ వల్ల మనుషులు కోల్పోయే ఆరోగ్యకరమైన జీవితకాలంలో 47 శాతం, చికిత్స తర్వాతి ఇబ్బందుల వల్లే పోతోందని మరో అంచనా.

10. కోర్సుతో పని అయిపోదు. మన జాతీయ టీబీ కార్యక్రమం ప్రకారం మందులు ఆపాక 6, 12, 18, 24 నెలలకు మళ్లీ చూపించుకోవాలి. ఆయాసం మిగిలినవారికి నడక, కాళ్లూ చేతులకు బలమిచ్చే కసరత్తు, కళ్లె బయటికి తెచ్చే పద్ధతులు నేర్పే పల్మనరీ రిహాబిలిటేషన్ ఉంది. మచ్చ పోకపోయినా నడవగలిగే దూరం పెరుగుతుంది. ఆఖరి మాత్ర వేసుకున్న వారమే డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: “క్రిమి పోయింది సరే, నా ఊపిరి ఎంత ఉందో కొలుస్తారా?”