చలి మొదలైతే క్యాన్‌తో బంకుకు!

కిరసనాయిలు అనగానే బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా పెద్దవాళ్లకు గుర్తొచ్చేది రేషన్ షాపు ముందు క్యూ, చేతిలో డబ్బా, అందులో నీలం రంగు నూనె. గ్యాసు వచ్చాక ఆ క్యూలు చాలాచోట్ల కనుమరుగయ్యాయి. బుల్లెట్ రైళ్ల దేశం జపాన్‌లో మాత్రం చలికాలం వస్తే ఇప్పటికీ ఎన్నో ఇళ్లకు కిరసనాయిలే దిక్కు. వంటకు కాదు, దీపానికీ కాదు... గది వెచ్చబడడానికి. అక్కడ దీని పేరు 'తోయు'. అంటే దీపం నూనె. దీపాలు పోయినా పేరు పోలేదు.

కొలత 18 లీటర్లు

అమ్మేది పెట్రోలు బంకుల్లోనే. ధర చెప్పేది 18 లీటర్లకు. 'తో' అనే పాత కొలత దాదాపు ఇంతే. ఇంట్లో వాడే ప్లాస్టిక్ క్యాను కూడా ఆ లెక్కకు సరిపోయేదే. టోక్యో వైపు ఎరుపు, ఒసాకా వైపు నీలం ఎక్కువగా కనిపిస్తాయి. రంగు అందానికి కాదు, ఎండ లోపలికి దూరకుండా. ఎండ తగిలితే నూనె పాడవుతుంది.

నిండిన క్యాను సుమారు 15 కిలోలు. మేడ మీద ఒంటరిగా ఉండే ముసలావిడ దాన్ని మోసుకెళ్లడం అయ్యే పనేనా? అందుకే చిన్న లారీలు మైకులో పిల్లల పాట పెట్టుకుని వీధుల్లోకి వస్తాయి. పాట వినగానే ఖాళీ క్యాను గుమ్మం బయట పెట్టడమే. ఉత్తరాన హొక్కైడోలో ఈ క్యాన్లు ఏ మూలకూ చాలవు. ఇంటి పక్కనే 490 లీటర్ల ట్యాంకు ఉంటుంది. 500 లీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ నిబంధనలు బిగుస్తాయి మరి! ట్యాంకర్ వచ్చి నింపి పోతుంది.

పెట్రోలు కలిసిందా... అంతే

క్యాను నుంచి హీటరులోకి పోయడానికి చవక ప్లాస్టిక్ చేతి పంపు చాలు. బుడ్డి రెండు మూడు సార్లు నొక్కితే నూనె దానంతటదే దిగుతుంది. అసలు ప్రమాదం క్యానులో ఏముందన్న దగ్గరే ఉంది. పొరపాటున పెట్రోలు కలిసిన నూనె హీటరులో పడితే మంట అదుపు తప్పుతుంది. ప్లాస్టిక్ క్యానులో పెట్రోలు పోయడం అక్కడ చట్టం ఒప్పుకోదు. గుర్తు తెలియడానికి పెట్రోలుకు నారింజ రంగు కలుపుతారు, కిరసనాయిలు నీళ్లలా ఉంటుంది. అనుమానం వస్తే నిప్పుకు దూరంగా వేలి మీద చుక్క వేసి చూస్తారు. పెట్రోలైతే ఇట్టే ఆరిపోతుంది, కిరసనాయిలైతే తడి అలాగే ఉంటుంది.

హీటరు ఆర్పకుండా నూనె పోయకూడదు. హీటరు ట్యాంకు మూత బిగుసుకుందో లేదో చూసుకోవాలి. గంటకు ఒకటి రెండు సార్లు కిటికీ తెరవాలి, లేకపోతే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. భూకంపం వస్తే మంట దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఈ హీటర్లలో ఉంటుంది.

ధర మీద కోర్టుకు

మంచు ప్రాంతంలో కిరసనాయిలు బియ్యం లాంటిది. ధర పెరిగిందని మానేయడం కుదరదు. 1973 చమురు సంక్షోభంలో ధర మండిపోయినప్పుడు, యమగాత ప్రాంతంలోని త్సురుఒక ఊళ్లో వినియోగదారుల సహకార సంఘం సభ్యులు ఊరుకోలేదు. కంపెనీలు కూడబలుక్కుని ధర పెంచాయంటూ 1974లో 1,600 మందికి పైగా కోర్టుకెక్కారు. దావా వేసింది చమురు కంపెనీల మీద, వాటి సంఘం మీద. కింది కోర్టులో ఓడారు. 1985లో హైకోర్టులో గెలిచారు. చివరకు 1989లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కంపెనీలు కూడబలుక్కోకపోతే ధర ఎంత ఉండేదో కొన్నవాళ్లే రుజువు చేయాలట! కంపెనీల లెక్కలు ఇల్లాలి చేతికి ఎలా వస్తాయి? కేసు పోయింది కానీ, ఈ ప్రశ్నను అక్కడి న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటారు.

2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత అసలు నూనె దొరకడమే గగనమైంది. బయట మంచు, శిబిరాల్లో చలి, బంకుల ముందు బారులు. మామూలు రైలు దారి దెబ్బతినడంతో యొకొహామా నుంచి మొరియొకకు చమురు రైళ్లను జపాన్ సముద్రం వైపు చుట్టు తిప్పి పంపారు. కొరియామాకు కొండ దారిలో వెళ్లిన రైలు మంచులో చక్రాలు జారి ఆగిపోతే, వెనక నుంచి ఇంకో ఇంజనుతో తోయించారు. ఇప్పుడు చలి ప్రాంతాల్లో పలు పురపాలికలు, గ్రామాలు పేద కుటుంబాలకు కిరసనాయిలు సాయం ఇస్తున్నాయి. 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన చమురు రాయితీలోనూ దీనికి చోటిచ్చారు.

చదువుకో, ఉద్యోగానికో అటు వెళ్లే మన పిల్లలు ముందు అద్దె ఒప్పందం చూసుకోవాలి. చాలా అపార్టుమెంట్లలో కిరసనాయిలు హీటరు నిషేధం. సీజను అయ్యాక మిగిలిన నూనె వచ్చే ఏడాదికి దాచకూడదు. పసుపు తిరిగినా, పుల్లటి వాసన వచ్చినా హీటరు పాడైనట్టే. మిగిలినదాన్ని కాలువలో పారబోయకుండా, కొన్న బంకులో అడిగితే చాలావరకు తీసుకుంటారు.