ఓసీఆర్

స్క్రీన్ మీద అక్షరాలు కనిపిస్తుంటాయి, కాపీ చేద్దామంటే మౌస్‌కు చిక్కవు. ఎర్రర్ మెసేజ్, స్కాన్ చేసిన జీవో, ఆపి ఉంచిన వీడియో... కంప్యూటర్‌కు ఇవన్నీ ఉత్త బొమ్మలే. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చేదే ఆప్టికల్ క్యారెక్టర్ రికగ్నిషన్, పొట్టిగా ఓసీఆర్.

మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లోని టెక్స్ట్ ఎక్స్‌ట్రాక్టర్, ఆపిల్ 2021లో తెచ్చిన లైవ్ టెక్స్ట్ చేసేది ఈ పనే. హెచ్‌పీలో 1980లలో మొదలై, 2005లో ఓపెన్ సోర్స్ అయిన టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగూ వచ్చు. కాకపోతే తడబడుతుంది. గుణింతాలు, కింద వేలాడే ఒత్తులు కలిస్తే ఆకారాలు వందలకొద్దీ తేలతాయి మరి. చుక్క చెరిగితే ‘కథ’ కాస్తా ‘కధ’ అయిపోతుంది (మనుషులూ చేసే తప్పేననుకోండి!).

ఖాతా నంబర్లు, సర్వే నంబర్లు ఇలా కాపీ చేస్తే అసలుతో ఒకసారి సరిచూసుకోండి.